జహాజు మీద మన పేరు

పోయిన బక్రీద్ నాడు ఖుర్బానీ పనులన్నీ అయి, దస్తర్‌ఖాన్ ఎత్తేశాక, సూర్యాపేటలో మా బడే అబ్బా ఇంటి వసారాలో అందరం కూర్చున్నాం. చాయ్ వచ్చింది. చాయ్ వెనకాలే నవాబ్ సాబ్ ప్రస్తావన కూడా వచ్చింది. మా ఖాందాన్‌లో నలుగురు పెద్దలు ఒకచోట చేరితే ఉస్మాన్ అలీ ఖాన్ గారు రాకుండా మజ్లిస్ ముగియదు. ఆ రోజు ఎవరో ఫోన్లో వచ్చిన ఫార్వర్డ్ చదివారు. నిజాం దేశానికి ఐదు వేల కిలోల బంగారం దానం చేశారని. 1965లో ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ ఆరున్నర శాతం వడ్డీ వచ్చే గోల్డ్ బాండ్లలో అని నేను చెప్పబోయాను. బడే అబ్బా చెయ్యి ఎత్తి ఆపేశారు.

"బంగారం సంగతి ఛోడో. పెహ్లీ జంగ్‌లో జర్మనీని హరాయించింది హమారే నవాబ్ సాబ్ కే జహాజాఁ. జహాజుల మీద హైదరాబాద్ అని నామ్ లిఖా హువా థా."

తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ అప్పటిదాకా మూలన కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. తలెత్తి అడిగింది. "ఉన్ జహాజాఁ మే అప్నే లోగాఁ బైఠే థే క్యా, దాదా?"

బడే అబ్బా నవ్వి నా వైపు చూశారు. "మీ అబ్బా అఖ్బార్‌వాలా కదా, ఆయన్నే పూఛో."

నాకు జవాబు తెలియలేదు. తెలియకపోవడం కంటే పెద్ద షరమ్ ఇంకోటుంది. ఇరవై ఏళ్ల కింద, పత్రికలో కొత్తగా చేరినప్పుడు, ఆదివారం పేజీలో ఈ జహాజుల మీద నేనే ఒక ముక్క రాశాను. ఎక్కడో చదివిన నాలుగు వాక్యాలకు మసాలా కలిపి "గగనంలో మన ఘనత" అన్న తీరులో వేశాను. మా ఉర్దూ మీడియం స్కూల్లో తవారీఖ్ చెప్పిన ఉస్తాద్ అది చదివారు. ఆయనకు తెలుగు కూడబలుక్కుంటూ చదవడమే వచ్చు. అయినా మొత్తం చదివి, నేను సలామ్ చెయ్యడానికి వెళ్లినప్పుడు ఒకే మాట అన్నారు. "మియాఁ, ఫఖ్ర్ బాగానే రాశావు. హిసాబ్ ఏదీ?" ఆయన ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయుగాక. ఆ హిసాబ్ బాకీ ఉండిపోయింది. బిడ్డ అడిగిన సవాల్‌తో అది మళ్లీ నా గుమ్మంలోకి వచ్చింది. ఈ పోస్టు ఆ బాకీ.

ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను.

రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో నూట పదో నంబర్ స్క్వాడ్రన్ అని ఒకటి ఉండేది. 1917 నవంబర్ 1న ఇంగ్లండ్‌లోని రెండ్‌కోంబ్‌లో మొదలైంది. మరుసటి ఏడాది దానికి డీహెచ్ 9ఏ అనే కొత్త రకం జహాజులు వచ్చాయి. చెక్క చట్రం, పైన బిగించిన గుడ్డ, రెండు జతల రెక్కలు, ముందు 400 గుర్రాల లిబర్టీ ఇంజన్. ముందు పైలట్, వెనక మెషిన్‌గన్‌తో ఇంకో మనిషి. ఆ రకం జహాజు అందుకున్న మొదటి స్క్వాడ్రన్ ఇదే. ఆ మొదటి జహాజుల ఖర్చు హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భరించారు. ఒక్కో జహాజు మీద ఆయన కానుక అని ఇంగ్లీషులో రాసి, హైదరాబాద్ అని పేరూ నంబరూ వేశారు. అప్పటి నుంచి స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ చేరిపోయింది. అంటే బడే అబ్బా చెప్పిన దాంట్లో జహాజులు నిజం, పేరు నిజం.

జర్మనీని హరాయించడం మాత్రం వేరే మాట. స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌లోని బెత్తోంకూర్‌కు చేరేసరికి 1918 సెప్టెంబర్ వచ్చేసింది. జంగ్ నవంబర్ 11న ఆగిపోయింది. మధ్యలో దొరికింది పది వారాలు. ఆ పది వారాల్లో పట్టపగలు జర్మనీ లోపలికి వెళ్లి ఊళ్ల మీద, రైలు స్టేషన్ల మీద, కార్ఖానాల మీద బాంబులు వేయాలి. రక్షణకు తోడు వచ్చే జహాజులు లేవు. అక్టోబర్ 21న ఒక్కరోజే వెళ్లిన వాటిలో ఏడు తిరిగి రాలేదు. ఏడు జహాజులంటే పద్నాలుగు మంది. ఇరవై ఏళ్లు దాటీ దాటని తెల్ల పిల్లలు. వాళ్ల అమ్మలకు హైదరాబాద్ ఎక్కడుందో తెలిసి ఉండదు.

ఆ జహాజుల్లో ఒకటి ఇప్పటికీ ఉంది. దాని నంబర్ ఎఫ్ 1010. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి వెళ్లి అక్కడే దిగిపోవాల్సి వచ్చింది. అందులో ఉన్న ఇద్దరూ ఖైదీలయ్యారు, జహాజు మాల్-ఎ-గనీమత్ అయింది. జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో జంగ్‌లో బాంబులకు భయపడి తూర్పుకు తరలిస్తే పోలండ్‌లో మిగిలిపోయింది. చాలా ఏళ్లు క్రాకోవ్‌లో రెక్కల్లేని మొండెంలా పడి ఉంది. 1977లో లండన్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి బదులుగా దీన్ని తెచ్చుకున్నారు, మరమ్మతు చేసి తమ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో నిలబెట్టారు. దాని పక్కన నిజాం కానుక అని ఇప్పటికీ చదువుకోవచ్చు. హైదరాబాద్ ఖజానా నుంచి బయల్దేరిన ఆ రూపాయి అన్ని సరిహద్దులు దాటింది, హైదరాబాద్‌కు మాత్రం ఒక్కసారీ రాలేదు.

ఇక ఉస్తాద్ అడిగిన హిసాబ్.

1914 నవంబర్‌లో ఇస్తాంబుల్ నుంచి ఖలీఫా జిహాద్ అని ఎలాన్ చేశారు. హిందూస్తాన్ ముసల్మాన్ల మనసు ఎటు పోతుందోనని అంగ్రేజులకు భయం పట్టుకుంది. అప్పుడు నిజాం ఫర్మాన్ జారీ చేశారు. ముసల్మాన్లు బ్రిటిష్ సర్కార్‌కు వఫాదార్‌గా ఉండాలని. ఆ ఫర్మాన్ అంగ్రేజులకు ఎన్నో రెజిమెంట్ల ఎత్తు. జంగ్ చివర్లో 1918లో బిరుదులొచ్చాయి. హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అన్నారు, ఫెయిత్‌ఫుల్ ఆలై అన్నారు. మన జబాన్‌లో యార్-ఎ-వఫాదార్. 1924లో ఖలీఫాను తుర్కీ నుంచి వెళ్లగొడితే ఆయనకు నెలనెలా వజీఫా పంపింది కూడా ఇదే నిజాం. ఒక చేత్తో ఖలీఫా మీద గెలిచినవాళ్లకు జహాజులు, ఇంకో చేత్తో ఓడిన ఖలీఫాకు రోటీ. దీన్ని దోగలాపన్ అనుకోవాలా, తఖ్త్ మీద కూర్చున్నవాడి మజ్బూరీ అనుకోవాలా అన్నది మీకే వదిలేస్తున్నాను.

ఈ కథలో నేను దాచలేని ఇంకో సంగతి ఉంది. జహాజుల మీద మన పేరు రాసిన 1918లోనే, అదే ఖజానా నుంచి ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. ఈ దేశపు జబాన్‌లో పై చదువు చెప్పవచ్చని చూపించిన యూనివర్సిటీ. నాలాంటి ఉర్దూ మీడియం పిల్లలకు చదువు మీద హక్కుందన్న ధీమా అక్కడి నుంచే వచ్చింది. కాబట్టి ఆ ఖజానాను తిట్టేసి చేతులు దులుపుకోవడం నాకు కుదరదు. కానీ ఖజానా అంటే ఏమిటి? నల్లగొండ, వరంగల్, మెదక్ రైతు కట్టిన మాల్‌గుజారీ. అందులో హిందువు ఉన్నాడు, ముసల్మాన్ ఉన్నాడు, వెట్టి చేసి చేసి నడుం వంగినవాడున్నాడు. జహాజు కొనాలా, చెరువు తవ్వాలా అని వాళ్లలో ఒక్కరినీ ఎవరూ అడగలేదు. పేరు హైదరాబాద్‌ది. దస్తఖత్ ఒక్కరిది.

జంగ్ అయిపోయాక 1919లో స్క్వాడ్రన్‌ను మూసేశారు. హిట్లర్ వచ్చాక, 1937లో, మళ్లీ తెరిచారు. పాత నంబర్‌తో పాటు పాత పేరూ తిరిగి వచ్చింది. నిషాన్‌లో తాజ్ మధ్య నుంచి పైకి లేస్తున్న పులి బొమ్మ. మరో రెండు స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరు మోశాయి, నూట యాభై రెండోది, రెండు వందల యాభై మూడోది. నూట యాభై రెండో దాని నిషాన్ మీద ఏముందో తెలుసా? నిజాం దస్తార్. అవును, ఆ తలపాగాయే. కింద రెండు మాటలు, ఫెయిత్‌ఫుల్ ఆలై. తెల్ల పైలట్ల నిషాన్ మీద ఒక ముసల్మాన్ బాద్షా తలపాగా ఉండటం వింతే. తల మాత్రం లేదు, తలపాగా ఒక్కటే.

రెండో జంగ్‌లోకి బ్రిటన్ దిగిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ జంగీ జహాజుల మీద రాయల్ ఎయిర్‌ఫోర్స్ మొదటి బాంబు దాడి చేసింది. ముందు నడిచింది ఈ హైదరాబాద్ స్క్వాడ్రన్. ఐదు బ్లెనీమ్ విమానాలు విల్హెల్మ్స్‌హావెన్ రేవు మీదికి బాగా కిందికి దిగి వెళ్లాయి. అడ్మిరల్ షీర్ అనే పెద్ద ఓడ మీద బాంబులు సూటిగానే పడ్డాయి, కానీ పేలకుండా గెంతి నీళ్లలో పడిపోయాయి. ఐదింట్లో ఒకటి తిరిగి రాలేదు. వెనకాల వచ్చిన ఇంకో స్క్వాడ్రన్‌కు ఐదింట్లో నాలుగు పోయాయి.

1942లో ఆ పేరు చివరికి హిందూస్తాన్‌కు వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బర్మా చేజారిపోయింది. స్క్వాడ్రన్‌కు వెంజెన్స్ అనే అమెరికా విమానం ఇచ్చారు. పేరుకు అర్థం ఇంతెఖామ్. దీని పని ఊళ్ల మీద బాంబులు చల్లి పోవడం కాదు. నేల మీద పోరాడుతున్న ఫౌజ్‌కు ఎదురుగా ఉన్న ఒక్క మోర్చాను, ఒక్క వంతెనను కొట్టడం. పన్నెండు వేల అడుగుల ఎత్తు నుంచి ముక్కు నేలకు పెట్టి నిట్టనిలువుగా దిగాలి. గద్ద కోడిపిల్ల మీద పడ్డట్టు. కిందికొచ్చాక 500 పౌన్ల బాంబులు వదిలి, కళ్లు చీకట్లు కమ్ముతుండగా పైకి లాగాలి. అడవిలో పై నుంచి అంతా ఒకటే పచ్చదనం, మోర్చా ఎక్కడో తెలియదు. అందుకని కింద ఉన్న ఫౌజ్ వాళ్లు పొగ గుండు పేల్చేవాళ్లు. పొగ లేచిన చోట బాంబు. పొగ కొద్దిగా పక్కకు పడిందంటే మనవాళ్లే పోతారు.

1943 మార్చి నుంచి అరకాన్‌లో, తర్వాత మణిపూర్ వైపు ఇదే పని. 1944లో జపాన్ ఫౌజ్ ఇంఫాల్‌ను చుట్టుముట్టినప్పుడు వెంజెన్స్ విమానాలు ఆపకుండా ఎగిరాయి. హిందూస్తానీ పైలట్లు నడిపిన మన ఏడో, ఎనిమిదో స్క్వాడ్రన్లు కూడా అవే విమానాలతో ఆ జంగ్‌లో ఉన్నాయి. ఇంఫాల్ నిలబడటం వల్ల ఈ దేశం ఏం తప్పించుకుందో తెలుసుకోవాలంటే బర్మాలో, మలయాలో జపాన్ ఏలుబడి ఎలా సాగిందో చదవాలి. ఆ మేరకు ఆ పైలట్లకు నేను సలామ్ చేస్తాను.

కానీ అదే ఇంఫాల్ మోర్చాలో, జపాన్ వైపున, సుభాష్ బాబు ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా ఉంది. అందులో ఒక హైదరాబాదీ ఉన్నాడు. ఆబిద్ హసన్ సఫ్రానీ. జర్మనీ నుంచి సబ్‌మెరైన్‌లో నేతాజీ వెంట వచ్చినవాడు, జై హింద్ అనే నారా పుట్టింది ఆయన దగ్గరే. ఆకలితో, మలేరియాతో, వానలో నాని, ఆ కొండల నుంచి వెనక్కి నడిచిన సిపాహీలలో ఆయన ఒకరు. ఆస్మాన్‌లో హైదరాబాద్ పేరు, జమీన్ మీద హైదరాబాద్ బిడ్డ. ఇద్దరూ ఎదురెదురు పక్షాలు. ఇప్పుడు చెప్పండి, మన ఘనత అని నేను ఎవరి గురించి రాయాలి?

ఆ తర్వాత వెంజెన్స్‌లను తీసేసి మస్కిటో విమానాలు ఇచ్చారు. మస్కిటో అంటే దోమ. తమాషా ఏమిటంటే, అంతకుముందే ఈ స్క్వాడ్రన్ వెంజెన్స్‌లు కొన్ని ఆఫ్రికాలోని తకోరాడీకి వెళ్లి, మలేరియా దోమల మీద మందు చల్లే పరీక్షలు చేసి వచ్చాయి. కొత్త దోమ చెక్కతో చేసింది. ఇక్కడి ఎండకూ చెమ్మకూ చెక్కల మధ్య జిగురు ఊడి, 1944 చివర్లో కొన్నాళ్లు మస్కిటోలన్నిటినీ నేల మీదే ఆపి తనిఖీ చేయాల్సి వచ్చింది. 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోతున్నట్టు చెప్పాక కూడా బర్మాలో కొన్ని దళాలు ఆయుధాలు దించలేదు. ఆగస్టు 20న సిట్టాంగ్ నదికి తూర్పున వాళ్ల మీద చివరి దాడికి వెళ్లినవి కూడా ఈ స్క్వాడ్రన్ మస్కిటోలే. మొదటి దాడిలో, చివరి దాడిలో కూడా హైదరాబాద్ పేరుంది. ఇక్కడ ఆపేస్తే చాలా అందమైన కథ. నా ఆదివారం పేజీ ముక్క ఇక్కడే ఆగింది.

కథ ఆగలేదు. జపాన్ లొంగిన రెండు రోజులకే, ఆగస్టు 17న, ఇండోనేషియా ఆజాదీ ప్రకటించుకుంది. డచ్చివాళ్లకు పాత గద్దె మళ్లీ అప్పజెప్పడానికి బ్రిటిష్ ఫౌజ్ దిగింది. ఆ ఏడాది చివర్లో జావా మీద ఎగిరిన మస్కిటోలలో నూట పదో స్క్వాడ్రన్‌వీ ఉన్నాయి. కింద ఉన్నవాళ్లు ఆజాదీ కోరుతున్న జనం. ఎక్కువమంది కల్మా చదివినవాళ్లే. వాళ్ల ఇళ్ల మీదుగా ముసల్మాన్ రియాసత్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్ పోతోంది. హైదరాబాద్‌లో ఈ ముచ్చట ఎవరికీ పట్టలేదు. పట్టినా అడిగే హక్కు ఎవరికీ లేదు. కానుక ఇచ్చేశాక జహాజు ఎటు పోవాలో చెప్పే అధికారం ఇచ్చినవాడికి ఉండదు. పేరు మాత్రం వెంట పోతూనే ఉంటుంది.

మూడేళ్లు గడిచాయి. 1948 సెప్టెంబర్ 13న ఇండియన్ ఆర్మీ హైదరాబాద్‌లోకి ప్రవేశించింది. యార్-ఎ-వఫాదార్ కోసం లండన్ నుంచి ఒక్క జహాజూ రాలేదు. ఫౌజ్ ఒక దారి విజయవాడ నుంచి మా ఊరి మీదుగానే. దానికి ముందు టెంపెస్ట్ విమానాలు. అవి కూడా నేల మీది మోర్చాలను కొట్టేవే. సూర్యాపేట మీద హవాయీ హమ్లా జరిగింది.

దీన్ని నేను పుస్తకాల్లో చదవకముందే దాదీమా నోట విన్నాను. అప్పటికి ఆమెకు నిండా ఇరవై లేవు. చంకలో బడే అబ్బా. చప్పుడు ముందు వచ్చిందట, తర్వాత నీడ వచ్చిందట. చింతచెట్టు మొదట్లో బిడ్డను కింద పెట్టి పైన తను బోర్లా పడుకుందట. "ఆయతుల్ కుర్సీ మధ్యలో మర్చిపోయాను బేటా, జిందగీలో ఆ ఒక్కసారే" అనేది. పక్కింటి గొల్ల మల్లమ్మ కూడా అదే చెట్టు కింద. ఆమె రాముడిని తలుచుకుంటోందట. మల్లమ్మ ఇంటివాళ్లను అంతకు నెల కిందే రజాకార్లు వచ్చి కొట్టిపోయారు. ఆ తర్వాత కొన్ని రోజులకు రజాకార్ల పేరు మీద మా ఇంటివాళ్ల కోసం వచ్చారు. మా దాదాను వడ్ల గాదెలో దాచింది మల్లమ్మే. సుందర్‌లాల్ కమిటీ ఆ రోజుల్లో రియాసత్ మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది పోయి ఉంటారని అంచనా వేసింది. దాదా ఆ లెక్కలో పడకుండా మిగిలాడు.

పైన విమానం ఎవరిదన్నది చెట్టు కింద పడుకున్న ఇద్దరు ఆడవాళ్లకు తెలియదు. ఇంఫాల్ పక్క కొండల్లో పొలం చేసుకునేవాడికీ, జావాలో బిడ్డను దాచుకున్న తల్లికీ తెలిసి ఉండదు. రెక్క మీద ఏ ఊరి పేరు రాసుందో కింది నుంచి కనబడదు.

1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. నిజాం 1967లో ఇంతెఖాల్ అయ్యారు. దస్తార్ నిషాన్ ఉన్న నూట యాభై రెండో స్క్వాడ్రన్‌నూ ఆ ఏడాదే మూసేశారు. నూట పది మాత్రం ఇంకా నడిచింది. మలయాలో సామాన్లు మోసింది, 1959 నుంచి హెలికాప్టర్లు నడిపింది. 1971 ఫిబ్రవరి 15న దాన్నీ మూసేశారు. రియాసత్ పోయిన ఇరవై రెండేళ్ల తర్వాత కూడా పరాయి ఫౌజ్‌లో ఆ పేరు బతికే ఉందన్నమాట.

ఈ హిసాబ్ అంతా కూడదీసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒక రాత్రి బిడ్డను కూర్చోబెట్టి చెప్పాను. బేటీ, ఆ జహాజులు రాయల్ ఎయిర్‌ఫోర్స్‌వి. డబ్బు మన ముత్తాతలది, పేరు మన ఊరిది, నడిపినవాళ్లు వాళ్లు, ఎక్కడ బాంబు వెయ్యాలో చెప్పినవాళ్లు వాళ్లు. అప్నే లోగాఁ పైన లేరు. అప్నే లోగాఁ చింతచెట్టు కింద ఉన్నారు.

అది కాసేపు ఆలోచించి అడిగింది. "మల్లమ్మ వాళ్లు ఇప్పుడెక్కడున్నారు అబ్బా?"

నేను మళ్లీ జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రే బడే అబ్బాకు ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు. "మనవళ్లు కోదాడ దగ్గర ఉన్నారని విన్నా. వచ్చే ఈద్‌కు నువ్వు తొందరగా రా. వెళ్లి కలిసి వద్దాం. బచ్చీని కూడా తీసుకురా."